కృష్ణా డెల్టాలో బైబులు చదువు: మతబోధ, గ్రంథపరిశీలన

వ్యాససంగ్రహం

కతోలిక విశ్వవిద్యాలయాల్లో నేడు కనిపించే బైబులు అధ్యయనం విశ్వాసానికీ చారిత్రక విమర్శకూ మధ్య అర్ధశతాబ్దికి పైగా సాగిన ఘర్షణలోంచి రూపొందింది. దిగువ కృష్ణా డెల్టాలో 1843లో ఆరంభమైన మచిలీపట్నం నోబుల్ పాఠశాల బైబులును తరగతి గదిలో నిత్యపాఠంగా నిలిపింది. అయితే అది గ్రంథపరిశీలనగా మారలేదు. ఇదే ప్రాంతంతో సంబంధమున్న బ్రౌన్, వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు గ్రంథాల ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయం చేసే మార్గాన్ని వేశారు. ఈ రెండు దారులు కలవకపోవడానికి గల కారణాలను, కలిస్తే తెలుగు విద్యార్థికి ఒనగూడే ప్రయోజనాన్ని పరలోకజపం, జలప్రళయ కథ ఆధారంగా వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: బైబులు, నోబుల్ పాఠశాల, కతోలిక అధ్యయనం, పాఠాంతరం, జలప్రళయం, ఉప్పెన, దివిసీమ.

1. ఉపోద్ఘాతం

మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ వంటి దిగువ కృష్ణా పట్టణాల్లో కతోలిక దేవాలయం, ప్రొటెస్టెంటు చర్చి, స్వతంత్ర ప్రార్థనమందిరాలు ఒకే ఊళ్ళో కనిపిస్తాయి. వాటన్నిటిలోనూ వారం వారం బైబులు వినిపిస్తుంది. వినేవారిలో డిగ్రీ, పి.జి. చదువుతున్న యువతీయువకులు ఉంటారు. వారే తెలుగు తరగతిలో నన్నయ భారతం చదివేటప్పుడు రచనాకాలం, కృతిభర్త, మూలంతో పోలిక, ప్రతుల్లోని పాఠభేదాలు వంటి ప్రశ్నలు వేయడం నేర్చుకుంటారు. అవే ప్రశ్నలను బైబులు విషయంలోనూ వేయవచ్చునని వారికి చెప్పే చోటు మాత్రం చాలా అరుదు. గుడిలో అడిగితే విశ్వాసలోపమంటారేమోనన్న సంకోచం. కళాశాలలో అడిగితే మతవిషయం ఇక్కడెందుకంటారేమోనన్న సంకోచం.

ఈ సంకోచానికి మూలం రెండు వేర్వేరు చదువులను ఒకటిగా భావించడంలో ఉంది. 'దీనిని ఎలా నమ్మాలి, ఎలా ఆచరించాలి' అన్నది మతబోధ వేసే ప్రశ్న. 'దీనిని ఎవరు, ఎవరికోసం, ఏ భాషలో, ఏ ప్రక్రియలో రచించారు, మన చేతికి ఏ రూపంలో అందింది' అన్నవి గ్రంథపరిశీలన వేసే ప్రశ్నలు. రెండవది మొదటిదానిని రద్దు చేయదు. దానిమీద ఆధారపడి నిలవదు కూడా.

భారతీయ న్యాయవ్యవస్థ ఈ భేదాన్ని గుర్తించింది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను రాజ్యాంగం 28వ అధికరణం నిషేధించింది. ప్రభుత్వ గుర్తింపు లేక సహాయం పొందే సంస్థల్లో సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు కూర్చోబెట్టరాదని కూడా అదే అధికరణం చెబుతున్నది. గురునానక్ జీవితం, బోధనల మీద విద్యాపరమైన అధ్యయనం మతబోధ కిందికి రాదని 1971లో డి.ఎ.వి. కళాశాలకూ పంజాబు రాష్ట్రానికీ మధ్య నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు భావించింది. 2002లో అరుణా రాయ్ వ్యాజ్యంలోనూ మతాలను గురించిన చదువు వేరు, మతబోధ వేరు అన్న దృష్టే నిలిచింది. కనుక ప్రభుత్వ కళాశాల తెలుగుశాఖలో బైబులును సాహిత్యగ్రంథంగా చదవడానికి చట్టం అడ్డు కాదు. అడ్డు మరెక్కడో ఉంది.

2. కతోలిక విద్యాలయాల అనుభవం

విశ్వాసం పునాదిగా ఉన్న సంస్థలో గ్రంథవిమర్శ ఎలా నిలబడింది అన్న ప్రశ్నకు కతోలిక విద్యాలయాల చరిత్ర మంచి ఉదాహరణ. ఆ దారి సుగమంగా ఏమీ సాగలేదు. ఆల్ఫ్రెడ్ లువాజీ 1893లో పారిస్ కతోలిక విద్యాసంస్థలోని ఆచార్యపదవిని కోల్పోయారు. బైబులులోని మొదటి ఐదు గ్రంథాలను సారాంశంలో మోషేయే రచించాడని బోధించాలని 1906లో రోములోని బైబులు కమిషన్ ప్రకటించింది. దానిని మనస్ఫూర్తిగా అంగీకరించలేకపోయిన హెన్రీ పూల్స్ 1910లో వాషింగ్టన్‌లోని అమెరికా కతోలిక విశ్వవిద్యాలయం నుండి వెళ్ళిపోవలసి వచ్చింది. 1890లో జెరూసలేములో బైబులు పాఠశాలను స్థాపించిన లగ్రాంజ్ వంటి విధేయుడైన గురువుకు కూడా 1912లో కొంతకాలం ఆ నగరాన్ని విడిచి ఉండవలసిన పరిస్థితి ఏర్పడింది.

1943లో పన్నెండవ పయస్ పోపు వెలువరించిన లేఖతో తలుపు తెరుచుకున్నది. లాటిను అనువాదం మీద కాక హీబ్రూ, గ్రీకు మూలాల మీద ఆధారపడాలని, ప్రాచీన రచయితలు వాడిన సాహిత్యప్రక్రియలను గుర్తించి అర్థం చెప్పాలని ఆ లేఖ ప్రోత్సహించింది. 1965 నవంబరులో రెండవ వాటికన్ మహాసభ ఆమోదించిన దైవావిష్కరణ పత్రం ఈ మార్గాన్ని స్థిరపరచింది. ఇతర క్రైస్తవ శాఖలతో కలిసి అనువాదాలు చేసుకోవడానికి కూడా అనుమతించింది. 1993లో బైబులు కమిషన్ మరొక అడుగు వేసి, ప్రాచీన గ్రంథాల అర్థాన్ని శాస్త్రీయంగా తెలుసుకోవడానికి చారిత్రక విమర్శ అనివార్యమని చెప్పింది. అక్షరార్థానికే అంటిపెట్టుకొనే మౌలికవాద పఠనాన్ని తీవ్రంగా విమర్శించింది. 1906లో ఆచార్యులను కట్టడి చేసిన కమిషనే 1993లో ఈ మాట చెప్పడం గమనించదగ్గది.

ఈ మార్పు ఫలితాలు తెలుగు విశ్వాసులకు ఏ మేరకు చేరాయన్నది ఇక్కడి ప్రశ్న. హీబ్రూ, గ్రీకు భాషలు, మూలవిమర్శ, ప్రక్రియావిమర్శ వంటివి గురువిద్యార్థుల సెమినరీల్లో ప్రధానంగా ఆంగ్లంలో బోధింపబడుతున్నాయి. కతోలిక కళాశాలల్లో సాధారణంగా క్రైస్తవ విద్యార్థులకు మతబోధ, మిగిలినవారికి నైతికవిద్య ఉంటాయి. అంటే గురువు కాబోయే యువకుడు చదివిన విమర్శ అతని పీఠం ముందు కూర్చొని వినే పి.జి. విద్యార్థినికి దొరకదు. కతోలిక సంస్థలు దాటిన గండాన్ని వాటి సామాన్య సభ్యులు ఇంకా దాటవలసే ఉంది.

3. నోబుల్ పాఠశాల: తరగతిలో బైబులు

దిగువ డెల్టాలో కతోలిక విశ్వవిద్యాలయం లేదు. బైబులును నిత్యపాఠంగా తరగతిలో నిలిపిన సంస్థల్లో ఇక్కడ పేరెన్నిక గన్నది ఆంగ్లికన్ సంస్థయైన నోబుల్ పాఠశాల. చర్చి మిషనరీ సొసైటీ పంపగా కేంబ్రిడ్జిలో చదివిన రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హెన్రీ వాట్సన్ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. ఇద్దరూ పని పంచుకున్నారు. ఫాక్స్ ఊళ్ళు తిరిగి తెలుగులో ప్రసంగించేవారు. ఆరోగ్యం దెబ్బతిని ఇంగ్లండు వెళ్ళి 1848లో మరణించారు. నోబుల్ 1843లో పాఠశాల తెరిచి, తిరిగి స్వదేశం ముఖం చూడకుండా 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశారు. ఆ పాఠశాల తరువాత కళాశాలగా ఎదిగింది. విశ్వనాథ సత్యనారాయణ వంటి కవులు చదివిన చోటు అది.

నోబుల్ లక్ష్యం ఉన్నతవర్ణాల యువకులు. ఆంగ్లవిద్య కోసం వచ్చిన ఆ యువకులకు బైబులు తప్పనిసరి పాఠం. మాల, మాదిగ పిల్లలకు ఆ బడిలో చోటు లేకపోయింది. పై వర్ణాలవారు ముందుగా మారితే సమాజం మారుతుందన్న అంచనా దీని వెనుక ఉంది. ఆ అంచనా ఫలించినట్లు కనిపించిన సందర్భమే దాని బలహీనతనూ బయటపెట్టింది. 1852లో మంచాల రత్నం, ఐనాల భూషణం అనే ఇద్దరు విద్యార్థులు జ్ఞానస్నానం పొందడానికి నోబుల్ ఇంటికి చేరారు. పట్టణం అట్టుడికింది. పాఠశాల ఖాళీ అయింది. తల్లిదండ్రులు పిల్లలను తిరిగి పంపడానికి కొంతకాలం పట్టింది. ఆ ఇద్దరూ తరువాత ఆంగ్లికన్ గురువులయ్యారు.

ఈ ఘటనను క్రైస్తవ చరిత్రకారులు విజయంగాను, ఇతరులు మోసంగాను చెప్పుకోవడం సహజం. విద్యాచరిత్ర దృష్టిలో దాని ప్రాముఖ్యం వేరు. నోబుల్ తరగతిలో బైబులు పాఠానికి రెండే ముగింపులు సాధ్యమయ్యాయి. విద్యార్థి నమ్మాలి, లేదా నమ్మకుండా పరీక్ష గట్టెక్కాలి. నమ్మినా నమ్మకపోయినా ఆ గ్రంథంతో మేధాపరమైన సంబంధం పెట్టుకొనే మూడవ దారి ఆ తరగతికి లేదు. నోబుల్‌ను ఇందుకు తప్పుపట్టనవసరం లేదు. 1850లలో ఇంగ్లండు విశ్వవిద్యాలయాల్లో కూడా ఆ దారి ఇరుకుగానే ఉండేది. కాని ఆనాడు ఏర్పడిన అలవాటు మాత్రం నిలిచిపోయింది. బైబులు పాఠం అనగానే మతమార్పిడి ప్రయత్నం అన్న అనుమానం ఒకవైపు, ప్రశ్నించరాని గ్రంథమన్న భావం మరొకవైపు డెల్టాలో స్థిరపడ్డాయి.

4. చెవితో చదివినవారు

బడిలో చోటు లేనివారే సంఘాన్ని నిర్మించారు. కృష్ణాజిల్లా ఎగువ ప్రాంతంలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్య 1859 ప్రాంతంలో మిషనరీ డార్లింగ్ చేత బాప్తిస్మం పొందారు. ఆయనది మాల కుటుంబం. అక్కడినుండి పల్లెపల్లెకు పాకిన ఉద్యమానికి ఆంగ్లపాఠశాల కాదు, బంధుత్వమూ నోటిమాటా ఆధారమయ్యాయి. అక్షరం రానివారికి ఉపదేశి బైబులు చదివి వినిపించేవాడు. వాక్యాలు కంఠస్థమయ్యేవి. కీర్తనలు, భజనలు, కోలాటం పాటలుగా కథలు నోళ్ళలో నానేవి. ఇరవయ్యవ శతాబ్దిలో ఇటలీనుండి వచ్చిన మిలాను గురువులు కృష్ణా మండలంలో కతోలిక విచారణలను విస్తరింపజేశారు. 1937లో బెజవాడ కేంద్రంగా మేత్రాసనం ఏర్పడింది. అక్కడ కూడా పల్లెల్లో మొదటి గురువు ఉపదేశియే.

వినికిడి మీద నిలిచిన ఈ చదువును తక్కువ చేయరాదు. పురాణపఠనం వినే శ్రోతకు కథాసందర్భం, పాత్రల వావివరసలు, పద్యం ఎత్తుగడ తెలిసినంత బాగా పుస్తకం ముందేసుకున్నవాడికి తెలియకపోవచ్చు. అయినా ఒక లోపం ఉంది. విన్నదానికి పాఠాంతరం ఉండదు. ఒక ఊరివాడు విన్నదీ పక్క ఊరివాడు విన్నదీ వేరైతే ఎవరిది సరియైనదన్న తగవు వస్తుందే తప్ప, ఎందుకు వేరైంది అన్న ప్రశ్న రాదు.

5. ఇదే నేలలో మరొక పద్ధతి

నోబుల్ పాఠశాలకు ఇరవై ఏళ్ళ ముందే, ఎందుకు వేరైంది అన్న ప్రశ్నను మచిలీపట్నంలో ఒకరు వేశారు. 1820వ దశకంలో ఇక్కడ ఉద్యోగం చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ వేమన పద్యాల ప్రతులను సేకరించి, పండితుల సాయంతో సరిపోల్చి, 1829లో ఆంగ్లానువాదంతో ప్రకటించారు. ఒక్కొక్క ప్రతిలో పద్యాల సంఖ్య వేరు, వరుస వేరు, మాటలు వేరు. ఏది వేమనది, ఏది తరువాత చేరినది అన్న విచారం అక్కడ మొదలైంది. బ్రౌన్ నిర్ణయాలన్నీ నిలిచేవి కావు. కాని ప్రశ్న నిలిచింది.

దివిసీమలోని పెదకళ్ళేపల్లిలో 1888లో జన్మించిన వేటూరి ప్రభాకరశాస్త్రి ఈ విద్యను పరాకాష్ఠకు చేర్చారు. మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారంలో తాళపత్రాల మధ్య గడిపిన ఆయన ప్రబంధరత్నావళి, చాటుపద్యమణిమంజరి వంటి సంకలనాలను, బసవపురాణం వంటి పరిష్కరణలను అందించారు. లేఖకుడి పొరపాటు ఎలా పుడుతుంది, అరుదైన మాటను తెలియని లేఖకుడు తేలికమాటగా ఎలా మారుస్తాడు, పద్యం చివర ఫలశ్రుతి ఎలా పెరుగుతుంది వంటి విషయాలు ఇలాంటి పరిష్కర్తల అనుభవం. ఐరోపాలో గ్రీకు కొత్తనిబంధన ప్రతులను పరిష్కరించిన పండితులు చేసినదీ ఇదే. అంటే బైబులు పాఠవిమర్శకు కావలసిన పనిముట్లు తెలుగు విద్యార్థికి పరాయివి కావు. అవి అతని ఊరి పొలిమేరలోనే తయారయ్యాయి.

6. పరలోకజపం: వినబడే పాఠాంతరం

పై మాటకు తేలికైన ఉదాహరణ ప్రతి క్రైస్తవ కుటుంబానికీ తెలిసిన ప్రార్థన. ప్రొటెస్టెంటులు పరలోకప్రార్థన అనేదాన్ని కతోలికులు పరలోకజపం అంటారు. ప్రొటెస్టెంటు సభలో ఈ ప్రార్థన రాజ్యం, శక్తి, మహిమ దేవునివే అన్న స్తుతితో ముగుస్తుంది. కతోలిక గృహంలో జపమాల చెప్పుకొనేటప్పుడు ఆ స్తుతి లేకుండానే ఆమెన్ వస్తుంది. ఒకే వీధి పిల్లలు ఇద్దరు కలిసి చెప్పబోతే చివర ఒకరు ఆగిపోతారు, మరొకరు కొనసాగిస్తారు. 'మీరు సగం వదిలేశారు', 'మీరు కలిపారు' అన్న వాదం అక్కడ పుట్టవచ్చు.

ప్రతులను చూస్తే వాదం సద్దుమణుగుతుంది. మత్తయి ఆరవ అధ్యాయంలోని ఈ ప్రార్థనకు నాలుగవ శతాబ్దపు గ్రీకు ప్రతులైన సైనాయ్, వాటికన్ ప్రతుల్లో ఆ ముగింపు స్తుతి లేదు. తరువాతి కాలపు అనేక ప్రతుల్లో ఉంది. ఆ తరువాతి ప్రతుల ఆధారంగా 1516లో ఎరాస్మస్ ముద్రించిన గ్రీకు పాఠం సంప్రదాయ ప్రొటెస్టెంటు అనువాదాలకు దారి వేసింది. అట్లని ఆ స్తుతి ఎవరో కల్పించిన కొత్తమాట కాదు. దిదకే అనే అతిప్రాచీన క్రైస్తవ రచనలో శక్తి, మహిమ అన్న రెండు మాటలతో ఆ ముగింపు కనిపిస్తుంది. దినవృత్తాంతముల మొదటి గ్రంథం 29వ అధ్యాయంలో దావీదు చేసిన స్తుతికి అది దగ్గరగా ఉంది. సభలో ప్రార్థన చెప్పేటప్పుడు సమాజం పలికే ముగింపు క్రమంగా ప్రతిలోకి చేరిందన్నది పండితుల సాధారణ అభిప్రాయం. శతకం చదివి మంగళం పలికే అలవాటు ఎరిగిన తెలుగువారికి దీనిని ఊహించడం కష్టం కాదు. వాటికన్ మహాసభ తరువాతి పూజాక్రమంలో కతోలికులు కూడా, గురువు పలికే చిన్న ప్రార్థన తరువాత, ఆ స్తుతిని పలుకుతున్నారు.

లూకా పదకొండవ అధ్యాయంలో ఇదే ప్రార్థన మరింత చిన్నది. ప్రాచీన ప్రతుల్లో అక్కడి సంబోధన 'తండ్రీ' అన్న ఒక్క మాటే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివించిన రోజున, ప్రతిభేదం అంటే గ్రంథం మీద నింద కాదని, అది ఆ గ్రంథం ప్రజల నోళ్ళలో బతికిన ఆనవాలని విద్యార్థికి అర్థమవుతుంది.

7. జలప్రళయం, ఉప్పెన

రెండవ ఉదాహరణ ఇంత తేలికైనది కాదు. ఆదికాండం 6 నుండి 9 వరకు గల అధ్యాయాల్లోని నోవహు కథను నెమ్మదిగా చదివితే కొన్ని చోట్ల కథ తనతో తాను పేచీ పడుతున్నట్లు కనిపిస్తుంది. ఒకచోట ప్రతి జాతినుండి జంటగా రెండేసి ప్రాణులను ఓడలోకి తీసుకోవాలి. మరొకచోట పవిత్ర జంతువులను ఏడేసి తీసుకోవాలి. ఒకచోట వర్షం నలభై రోజులు. మరొకచోట నీరు నూట యాభై రోజులు ప్రబలింది. ఒక భాగంలో దేవుని పేరు యావే (ప్రొటెస్టెంటు అనువాదంలో యెహోవా). మరొక భాగంలో దేవుడు అన్న సామాన్యనామమే. రెండు ప్రాచీన కథనాలను ఒక సంకలనకర్త దేనినీ పారవేయకుండా అల్లాడని మూలవిమర్శ వివరిస్తుంది. వాటిలో ఒకటి యాజకుల సంప్రదాయానికి చెందినదని, అది బాబిలోను చెర కాలానికో ఆ తరువాతి కాలానికో రూపం తీసుకున్నదని చాలామంది పండితుల అభిప్రాయం.

1872 డిసెంబరులో లండనులో జార్జ్ స్మిత్ ఒక బంకమట్టి పలక మీది కథను చదివి వినిపించారు. గిల్గమేషు కావ్యంలోని ఆ పదకొండవ పలకలో కూడా ఒక వీరుడు ఓడ కడతాడు, పక్షులను వదులుతాడు, నీరు తీశాక బలి అర్పిస్తాడు. బైబులు కథ ఒంటరి కథ కాదని లోకానికి తెలిసింది. తెలుగు పాఠకుడికి ఇది అంత దిగ్భ్రాంతి కలిగించదు. పోతన భాగవతం అష్టమస్కంధంలో సత్యవ్రతుడి నావను, దానిని నడిపించిన మత్స్యాన్ని అతడు ముందే ఎరుగును. పోలికలకంటె భేదాలే ఇక్కడ విలువైనవి. గిల్గమేషు కావ్యంలో దేవతలు ప్రళయానికి తామే భయపడి, తరువాత బలివాసనకు ఈగల్లా మూగుతారు. భాగవతంలో ప్రళయం కల్పాంతంలో వచ్చేదే. అది సృష్టిచక్రంలో భాగం. ఆదికాండంలో అది ఒక్కసారి జరిగినది. ఇక జరగదన్న మాటతో ముగిసేది.

అనువాదంలోని ప్రతి మాటా ఇక్కడ పరీక్షకు నిలుస్తుంది. నోవహు కాలపు నీటికి హీబ్రూలో 'మబ్బూల్' అన్న ప్రత్యేకపదం ఉంది. కీర్తనల గ్రంథంలో ఒకచోట తప్ప అది ఈ కథ బయట కనిపించదు. దీనిని జలప్రళయం అనగానే కల్పాంతమూ పునఃసృష్టీ తెలుగు మనసులోకి వస్తాయి. మూలంలో ఆ చక్రభావన లేదు. అయితే సంస్కృతపదం ప్రతిసారీ అర్థాన్ని పక్కదారి పట్టిస్తుందనుకోరాదు. మేఘంలో దేవుడు ఉంచిన గుర్తుకు హీబ్రూలో ఉన్న మాట 'కేషెత్', అంటే యుద్ధంలో వాడే విల్లు. తెలుగులో ఇంద్రధనుస్సు, హరివిల్లు అన్న మాటల్లో ఆ ఆయుధం ఇంకా చెక్కుచెదరలేదు. యుద్ధం చాలించిన దైవం విల్లును ఆకాశంలో తగిలించడం బాబిలోను సృష్టికావ్యంలోనూ కనిపించే భావన. ఆ బొమ్మను విప్పి చూపడానికి తెలుగు ఉపాధ్యాయుడు పెద్దగా శ్రమపడనవసరం లేదు.

ఇక దివిసీమ దగ్గరకు వస్తే ఈ చదువు గ్రంథాలయం దాటి బయటికి వస్తుంది. ఇక్కడివారికి సముద్రపు నీరు పొంగి ఊళ్ళమీద పడడం పుస్తకంలోని కథ కాదు. దానికి వారి మాట ఉప్పెన. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేలమంది మరణించారు. 1977 నవంబరు 19న అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాలను తుడిచిపెట్టిన ఉప్పెనలో అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. కుటుంబంలో సగంమందిని పోగొట్టుకున్నవారి ముందు నోవహు కథ చదివితే రెండు ప్రశ్నలు తప్పవు. ఇక జరగదన్న మాట ఏమైంది? చనిపోయినవారు ఏ పాపం చేశారు?

రెండవ ప్రశ్నకు వేదికలమీద దొరికే సులభమైన జవాబు ఒకటుంది: అది శిక్ష. ఆదికాండంలో ప్రళయానికి మానవుల దౌష్ట్యమే కారణం కనుక ఇక్కడా అదే కారణం అన్న తర్కం. గ్రంథపరిశీలన ఈ తర్కాన్ని గ్రంథంలోంచే ఎదుర్కొంటుంది. ఆదికాండం ఆ ఒక్క ప్రళయానికి చెప్పిన కారణాన్ని ప్రతి విపత్తుకూ వర్తించే సూత్రంగా చెప్పలేదు. యోబు గ్రంథంలో కష్టాలన్నీ పాపఫలమని వాదించిన మిత్రులమీదనే చివరకు దేవుడు కోపిస్తాడు. లూకా పదమూడవ అధ్యాయంలో సిలోయము గోపురం కూలి చచ్చిన పద్దెనిమిదిమంది మిగిలినవారికంటె పాపులా అని యేసు అడిగి, కాదని తానే చెబుతాడు. మొదటి ప్రశ్న విషయంలో కూడా, ఆ వాగ్దానం సర్వప్రాణులనూ భూమినీ నాశనం చేసే ప్రళయాన్ని గురించినదని, దేశం కోల్పోయి చెరలో ఉన్న సమాజం తన దేవుడు లోకాన్ని విడిచిపెట్టలేదని చెప్పుకొన్న మాటగా దానిని చూడవచ్చునని వివరించడం సాధ్యం. ఈ వివరణలతో దుఃఖం తీరదు. కాని దుఃఖంలో ఉన్నవారిమీద నేరం మోపకుండా ఉండటం సాధ్యమవుతుంది. డెల్టాలో ప్రక్రియావిమర్శ, మూలవిమర్శ అన్నవి పండితుల వినోదాలు కావనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

8. తెలుగులో చదవడానికి ఏమున్నది

ఆధారాలు బొత్తిగా లేవనడం సరికాదు. యేసుసభ గురువు పూదోట జోజయ్య తెలుగులో వెలువరించిన బైబులు భాష్య సంపుటావళి సామాన్య పాఠకులను ఉద్దేశించినది. భాష్యం అన్న పేరులోనే ఒక నిర్ణయం ఉంది. అది ప్రసంగం కాదు, సాక్ష్యం కాదు, మూలానికి వివరణ. తెలుగుశాఖల గ్రంథసూచికల్లో ఇటువంటి రచనలు అరుదుగా కనిపించడానికి వాటి నాణ్యత కారణం కాదు. వాటిని మతసాహిత్యమన్న అరలో పెట్టి మరచిపోవడమే కారణం. వసుచరిత్ర వ్యాఖ్యను సాహిత్యంగా చదివే శాఖ కీర్తనల గ్రంథ వ్యాఖ్యను చదవకపోవడానికి శాస్త్రీయమైన హేతువు కనిపించదు.

రెండు తెలుగు అనువాద సంప్రదాయాలను పోల్చడం భాషాధ్యయనానికి మంచి క్షేత్రం. ప్రొటెస్టెంటులు సువార్త అంటే కతోలికులు సువిశేషం అంటారు. పరిశుద్ధాత్మ, పవిత్రాత్మ అన్నవి మరొక జంట. గ్రీకుపదాన్ని అలాగే నిలుపుకొన్న బాప్తిస్మం ఒకవైపు, తమిళదేశపు మిషను కాలంనుండి వచ్చిన సంస్కృత సమాసం జ్ఞానస్నానం మరొకవైపు. గ్రంథాల సంఖ్య కూడా ఒకటి కాదు. ప్రొటెస్టెంటు బైబులులో 66, కతోలిక బైబులులో 73. గుడివాడలోనో మచిలీపట్నంలోనో ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు విద్యార్థుల ఇళ్ళలోని పుస్తకాలను బల్లమీద పెడితే ఒక పరిశోధనాంశం సిద్ధమవుతుంది.

అయితే ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టేదెవరు అన్నది చివరి చిక్కు. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారు వెనుకబడిన తరగతుల 'సి' విభాగంలో ఒక శాతం రిజర్వేషన్‌కు మాత్రమే అర్హులు. ఈ స్థితిలో బాల్యంనుండి బైబులును చెవితో చదివి, దాని కథాక్రమాన్ని అందరికంటె బాగా ఎరిగిన విద్యార్థికే తరగతిలో ఆ పరిచయాన్ని దాచుకొనే కారణం ఉంటుంది. నోబుల్ కాలంలో అతని పూర్వులను గుమ్మం బయట ఉంచారు. ఇప్పుడు అతడు లోపల ఉన్నాడు, కాని అతనికి తెలిసిన గ్రంథం బయట ఉంది. అధ్యాపకుడు ఎవరి విశ్వాసాన్నీ అడగకుండా, హాజరుపట్టీలోని ఏ పేరునూ ఏ మతానికీ ముడిపెట్టకుండా, ఆదికాండాన్ని భాగవతం పక్కన పెట్టి అందరికీ ఒకే పాఠంగా చెప్పినప్పుడే ఆ విద్యార్థి నోరు విప్పగలడు.

2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడింది కనుక ఇటువంటి పరిశోధనకు సొంత జిల్లాలోనే ఆవరణ ఉన్నది. పని కూడా సిద్ధంగా ఉంది. సువార్తల్లోని ఎంపిక చేసిన భాగాలకు రెండు తెలుగు అనువాదాలనూ ఎదురెదురుగా ముద్రించి, ముఖ్యమైన గ్రీకు పాఠాంతరాలను తెలుగులో సూచించే చిన్న పరిష్కృత ప్రతి ఒకటి కావాలి. దివిసీమ పల్లెల్లో వృద్ధ ఉపదేశుల నోట, కోలాటం పాటల్లో మిగిలిన బైబులు కథల రూపాలను సేకరించాలి. 1977 ఉప్పెనను చూసినవారిలో ఆనాటికి యువకులుగా ఉన్నవారు ఇప్పుడు డెబ్బయ్యవ పడిలో ఉన్నారు కనుక, ఈ రెండవ పనినే ముందుగా చేపట్టవలసి ఉంటుంది.